తొలి కాన్పు, కారు సీటు, అత్తగారి ఒడి

ప్రశ్న: నాకిప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. ఏప్రిల్ ఆఖర్లో డేట్ ఇచ్చారు. మేముండేది భీమవరంలో. పురిటికి రాజోలు దగ్గర మా పుట్టింటికి వెళ్తున్నాను, ఆసుపత్రి మాత్రం పాలకొల్లులో. బిడ్డకు కారు సీటు, స్ట్రోలర్ కొందామని మావారు అంటున్నారు. 20 వేల దాకా పెట్టగలం. మాది ఆరేళ్ల కిందటి చిన్న హ్యాచ్‌బ్యాక్. షాపులో రెండూ కలిపిన సెట్ చూపించారు, సీటును కారులోంచి తీసి అలాగే స్ట్రోలర్‌కి తగిలించేయొచ్చట. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తన బాబు వాడిన సీటు పంపిస్తానంటోంది. మా అత్తగారేమో "మేమంతా పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే తిప్పాం, మీకెందుకమ్మా ఈ ఆర్భాటం" అంటున్నారు. మా అమ్మ అసలు బిడ్డ పుట్టకముందే ఏ వస్తువూ కొనొద్దంటోంది. ఏం కొనాలో, ఏది అక్కర్లేదో కాస్త చెప్పండి.
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: స్ట్రోలర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. అది లేకపోతే మీ బిడ్డకు వచ్చే లోటేమీ లేదు. కావాలనిపిస్తే ఐదారు నెలలు పోయాక కొనుక్కోవచ్చు. కారు సీటు అలా కాదు. పాలకొల్లులో డిశ్చార్జి చేసిన రోజున, చించినాడ వంతెన దాటి మీ పుట్టింటికి వెళ్లే మొదటి ప్రయాణానికే అది కావాలి. కాబట్టి మీ 20 వేలల్లో పెద్ద వాటా సీటుకే పోవాలి. నన్నడిగితే 12, 13 వేలు సీటుకి, మిగతాది ప్రస్తుతానికి మీ దగ్గరే.

ఇక అత్తగారి మాట. ఆవిడ చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆవిడ పిల్లల్ని తిప్పింది ఎర్ర బస్సుల్లో, రిక్షాల్లో, మహా అయితే 40 దాటని అంబాసిడర్‌లో. ఇప్పుడు అదే దారిలో రొయ్యల కంటైనర్లు, చేపల లారీలు, ఇసుక టిప్పర్లు తిరుగుతున్నాయి. మీవారు ఎంత నెమ్మదిగా నడిపినా ఎదుటివాడి వేగం మన చేతిలో లేదు.

ఒడి ఎందుకు చాలదో లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరు లోపు ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో లోపలున్న ప్రతిదీ తన బరువుకు దాదాపు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూసుకుపోతుంది. మూడున్నర, నాలుగు కిలోల బిడ్డ ఒక్కసారిగా మన 75 కిలోల ధాన్యం బస్తా అయిపోతుందన్నమాట. రోజూ బస్తాలు మోసే జట్టు కూలీ కూడా మీదికి ఎగిరొచ్చే బస్తాను చేతులతో ఆపలేడు. పైగా ఎత్తుకున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆ మనిషి బరువంతా బిడ్డ మీద పడుతుంది. కొందరు తమ బెల్టులోనే బిడ్డనూ కలిపి పెట్టుకుంటారు. అది ఇంకా ప్రమాదం, బెల్టుకీ పెద్దవాళ్ల ఒంటికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

సరైన సీటు ఏడాదిలోపు పిల్లల్లో కారు ప్రమాద మరణాలను 71 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క. మన చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బీ సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతోగానీ, పిల్లల సీటులోగానీ కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మన వైపు ఆ జరిమానా రాయడం అరుదే గానీ, పోలీసు కోసం కొనే వస్తువు కాదిది.

ఈ లెక్కలన్నీ అత్తగారికి మీరు చెప్పకండి. మీవారిని చెప్పమనండి. కోడలు చెబితే వాదన, కొడుకు చెబితే విషయం. మన ఇళ్లలో ఇది మీకు తెలియంది కాదు. పనిలో పనిగా ఆవిడకు ఒక బాధ్యత కూడా అప్పజెప్పండి. కారు కదిలినప్పుడల్లా ఆవిడ స్థానం బిడ్డ పక్కన, వెనక సీట్లో. ముఖం చూసుకుంటూ, గడ్డం గుండె మీదికి వాలిందా, చెమట పడుతోందా అని కనిపెట్టి ఉండడం ఆవిడ పని. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే కూడా. అయితే ఆవిడా బెల్టు పెట్టుకోవాలి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు లేకుండా ఉంటే వాళ్లే బిడ్డ మీదికి విసిరేసినట్టు పడతారు.

ఇప్పుడు ఏ సీటు అన్నది. పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అంటే బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి. కొత్తగా చూసేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది, "పాపం, దారి కనపడదు కదా" అంటారు. పుట్టిన బిడ్డకు తల పెద్దది, ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చుంటే గుద్దుకున్నప్పుడు ఒంటిని బెల్టు ఆపుతుంది, తల మాత్రం ముందుకు లాక్కుపోతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బ వీపంతటికీ, తలకీ, మెడకీ సమంగా పంచుకుపోతుంది. స్వీడన్‌లో 1960ల నుంచీ ఈ పద్ధతే, అక్కడ నాలుగేళ్ల పిల్లల్ని కూడా ఇలాగే కూర్చోబెడతారు. కొత్త యూరప్ ప్రమాణం ప్రకారం 15 నెలలు నిండేదాకా వెనక్కి తిప్పి ఉంచడం తప్పనిసరి. మీరు రెండేళ్లు దాటేదాకా అలాగే ఉంచితే ఇంకా మంచిది.

ఈ సీటును ముందు సీట్లో పెట్టొద్దు. ముందు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనకున్న పెంకుకే వచ్చి కొడుతుంది. మీ కారు ముందు సీటు ఎదురుగా ఎండ పడకుండా దించుకునే అట్ట ఉంటుంది కదా, దాని మీద బిడ్డ సీటుకు అడ్డగీత కొట్టిన బొమ్మ చూడండి, ఈ సంగతే చెబుతుంది. వెనక ఎడమ పక్క మేలు. మనం రోడ్డుకు ఎడమ వైపే బండి ఆపుతాం గనుక, ట్రాఫిక్‌లోకి దిగకుండా గట్టు వైపు నుంచే బిడ్డను తీయొచ్చు. వెనక మధ్య సీటు ఇంకా భద్రమే గానీ, పాత చిన్న కార్లలో అక్కడ నడుముకు మాత్రమే వచ్చే బెల్టు ఉంటుంది. చాలా సీట్లకు అది పనికిరాదు.

షాపుల్లో మీకు ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి బుట్టలా చేత్తో మోసుకెళ్లేది, 13 కిలోల దాకా. రెండోది కన్వర్టిబుల్, మొదట వెనక్కి, తర్వాత ముందుకు తిప్పుకోవచ్చు, 18 కిలోల దాకా లేదా ఇంకా ఎక్కువ. మూడోది పుట్టినప్పటి నుంచి 36 కిలోల దాకా అన్నిటికీ ఒకటే అని అమ్మేది. ఈ మూడోది నాకు నచ్చదు. పన్నెండేళ్ల పిల్లాడికి సరిపోయేలా చేసిన దాంట్లో మూడు కిలోల బిడ్డ ఎక్కడో జారిపోతుంది. కొన్నిట్లో వెనక్కి తిప్పే హద్దు కూడా 9, 10 కిలోలకే ఆగిపోతుంది. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న 36ను కాదు, వెనక్కి తిరిగి ఉండగా ఎన్ని కిలోల దాకా అన్న చిన్నక్షరాలను చదవండి.

మీ పరిస్థితికి నా ఓటు కన్వర్టిబుల్‌కే, వెనక్కి తిప్పి 18 కిలోల దాకా వాడగలిగేది దొరికితే మరీ మంచిది. బుట్ట సీటు పసిబిడ్డకు చక్కగా అమరుతుంది, కాదనను. కానీ ఏడాది, ఏడాదిన్నరలో చిన్నదైపోతుంది, అప్పుడు మళ్లీ కొనాలి. పైగా బుట్టలో ఒక ఆకర్షణ ఉంది. నిద్రపోతున్న బిడ్డను అలాగే ఎత్తుకొచ్చి హాల్లో నేల మీద పెట్టేస్తారు, "లేపకండి, ఇప్పుడే పడుకున్నాడు" అని గంటలు గంటలు అందులోనే ఉంచేస్తారు. కారులో బిగించినప్పుడు సీటుకుండే వాలు వేరు, నేల మీద ఆ వాలు మారిపోతుంది. తల ముందుకు వాలి శ్వాసకు అడ్డం పడొచ్చు. ఇంటికి రాగానే బిడ్డ ఉయ్యాల్లోకో చదునైన పరుపు మీదికో వెళ్లిపోవాలి. నెలలు నిండకముందే పుడితే, లేదా డాక్టరు బిడ్డ బరువు బాగా తక్కువ ఉండొచ్చంటే మాత్రం నా మాట మార్చుకుంటాను. అప్పుడు చిన్న బిడ్డకు అమరే బుట్ట సీటే తీసుకోండి. ఆసుపత్రి నుంచి కదిలే ముందు, సీట్లో అలా వాలి కూర్చోవడం ఎంతసేపు పర్వాలేదో కూడా డాక్టరును అడగండి.

కంపెనీ పేరు కన్నా లేబుల్ ముఖ్యం. చికో, జోయీ, గ్రాకో, లవ్‌ల్యాప్, ఆర్ ఫర్ రాబిట్, బేబీహగ్ అని బోలెడు కనిపిస్తాయి. మీరు సీటును బోర్లా తిప్పి, పక్కలు చూసి, నారింజ రంగు స్టిక్కర్ వెతకండి. దాని మీద గుండ్రని గీతలో 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె, ఆపైన యూరప్ ప్రమాణం పేరు, ఈసీఈ ఆర్44/04 అనో, ఆర్129 అనో ఉంటుంది. ఆర్129 కొత్తది, బరువు బదులు బిడ్డ పొడవును బట్టి చెబుతుంది, పక్క నుంచి గుద్దే పరీక్ష కూడా చేస్తారు. యూరప్‌లో ఆర్44 సీట్ల అమ్మకం 2024 సెప్టెంబరుతో ఆపేశారు. మన దగ్గర ఇంకా ఎక్కువ అవే. సరిగ్గా బిగిస్తే అవీ పనికొస్తాయి, కానీ అదే ధరలో ఆర్129 దొరికితే వదలకండి. మన దేశపు ప్రమాణం పేరు ఏఐఎస్-072. ఈ మూడింట్లో ఏదీ లేకుండా పెట్టె మీద ఊరికే 'సేఫ్టీ సర్టిఫైడ్' అని ఉంటే, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా అక్కడే పెట్టేసి రండి.

కొనే ముందు మీ కారును చూడాలి. చాలామంది తలకిందులుగా చేసేది ఇక్కడే, కారు చూడకుండానే బిడ్డ సీటు కొనేస్తారు, తర్వాత అది కారులో పట్టదు. వెనక సీటు వీపూ కూర్చునే చోటూ కలిసే సందులో చెయ్యి పెట్టి తడమండి. వేళ్లకు గట్టి ఇనుప కడ్డీలు రెండు తగిలితే మీ కారుకు ఐసోఫిక్స్ ఉన్నట్టే, పైన చిన్న బట్ట ముక్క మీద పిల్లల సీటు బొమ్మ కూడా కుట్టి ఉంటుంది. సీటు కాళ్లు ఆ కడ్డీలకు టక్కున పట్టుకుంటాయి. బెల్టుతో బిగించినదీ అంతే భద్రం, సరిగ్గా బిగిస్తే. ఐసోఫిక్స్ వల్ల లాభమేమిటంటే తప్పు బిగించడం కష్టం. కడ్డీలు లేకపోతే దిగులు వద్దు, మూడు చోట్ల పట్టే బెల్టుతో బిగించే సీటు తీసుకోండి. వెనక్కి తిప్పి బిగించే సీటుకు బెల్టు చాలా పొడవు కావాలి. పాత చిన్న కార్లలో బెల్టు అందకపోవడం మామూలే.

అందుకే ఆన్‌లైన్‌లో కొన్నా షాపులో కొన్నా, తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి. షాపయితే ఒక సీటును మీ కారు దాకా తెమ్మని అడగండి. ముందు సీట్లో మీవారిని కూర్చోబెట్టి, వెనక బిడ్డ సీటు పెట్టి చూడండి. వెనక్కి వాలిన కన్వర్టిబుల్ సీటు చాలా చోటు తింటుంది, ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలేలా ఉంటే ఇంకో మోడల్ చూడాలి. తర్వాత బిగించి చూడండి. సీటును ఒక చేత్తో బలంగా కిందికి అదిమి, రెండో చేత్తో బెల్టు లాగాలి, మీవారి బరువంతా దాని మీద పడాలి. బెల్టు దూరిన చోట పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఒక అంగుళం కన్నా ఎక్కువ కదిలిందంటే బిగియలేదు. సీటు పక్కన వాలు చూపించే గీతో, చిన్న బుడగో ఉంటుంది, అది కారు చదునైన చోట ఉన్నప్పుడే చూడాలి. షాపు ముందు రోడ్డు వాలుగా ఉంటే అది తప్పుడు లెక్క చెబుతుంది. ఈ పని మార్చిలో ఒకటికి రెండుసార్లు చేయించండి. ఆసుపత్రి గేటు ముందు, వాచ్‌మన్ బండి తీయమని కేకలేస్తుండగా మాన్యువల్ విప్పుకోవడం అనవసరమైన టెన్షన్.

మీ ఆడపడుచు ఆప్యాయంగా ఇస్తానన్న సీటు విషయంలో కాస్త ఆలోచించాలి. అమెరికా ప్రమాణాలు తక్కువవేం కావు. చిక్కంతా మన కారుతో. అక్కడి కార్లలో బెల్టును మొత్తం బయటికి లాగి వదిలితే అది గట్టిగా లాక్ అయిపోతుంది, సీట్లు చాలావరకు దాన్ని నమ్ముకునే ఉంటాయి. మన కార్లలో చాలా బెల్టులు జెర్క్ వచ్చినప్పుడే ఆగుతాయి, మామూలప్పుడు వదులుగా వస్తూ పోతూ ఉంటాయి. సీటులోనే బెల్టును నొక్కి పట్టే క్లిప్పు ఉంటే ఫర్వాలేదు, లేకపోతే ఇక్కడ బిగియదు. ఐసోఫిక్స్ కడ్డీలుంటే ఆ సీటు పట్టీ కొక్కేలు వాటికి పడతాయి గనుక గొడవ తగ్గుతుంది. ఆవిణ్ని మూడు సంగతులు అడగండి. సీటు ఉన్నప్పుడు కారుకు చిన్నదో పెద్దదో యాక్సిడెంట్ అయిందా? సీటు అడుగున ప్లాస్టిక్ మీద అచ్చేసిన గడువు తేదీ ఎంత? మాన్యువల్, పసిబిడ్డకు వేసే మెత్త, అన్ని పట్టీలూ ఉన్నాయా? సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల గడువు ఉంటుంది. మూడింటికీ మంచి జవాబు వచ్చినా, విమానంలో సామానుగా వేసి విసిరేస్తూ తెచ్చిన ప్లాస్టిక్ లోపల పగిలిందో లేదో పైకి కనపడదు. నేనైతే "వదినా, సీటు ఇక్కడే కొంటున్నాం, నువ్వు బాబు బట్టలు పంపు" అని ప్రేమగా తప్పించుకుంటాను.

షాపువాళ్లు చూపించిన రెండూ కలిపిన సెట్ కూడా వద్దు. లిఫ్టులు, మాల్స్, నున్నటి ఫుట్‌పాత్‌లు ఉన్న ఊళ్లో, రోజూ కారెక్కి దిగేవాళ్లకు అది సుఖం. మీకు రాజోలు దగ్గర ఇంటి ముందు ఇసుక, భీమవరంలో గుంటల రోడ్డు. సీటు తీసి స్ట్రోలర్‌కి తగిలించే ముచ్చట నెలకు ఎన్నిసార్లు తీరుతుందో మీరే ఆలోచించండి. పైగా సెట్ ధరలో స్ట్రోలర్ మెరుపులకే ఎక్కువ పోయి, సీటు నాసిగా ఉండే అవకాశం ఉంది.

సీటు వాడేటప్పుడు మన ఇళ్లలో జరిగే పొరపాట్లు వేరే ఉంటాయి, ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. పురిటి బిడ్డను పాత చీర ముక్కల్లో పొత్తిళ్లు చుట్టి చేతికిస్తారు. ఆ మూటతోనే సీట్లో పెట్టి బెల్టు వేస్తే, బెల్టుకూ బిడ్డకూ మధ్య గుడ్డే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు ఆ గుడ్డ నలిగి బెల్టు వదులవుతుంది. పల్చటి కాటన్ చొక్కా, కాళ్లు విడివిడిగా ఉండే లాగు వేసి, ముందు బెల్టు పెట్టి, ఆ పైన గుడ్డ కప్పండి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు సీట్లో పెట్టొద్దు, తల ముందుకు తోసేస్తుంది. సీటుతో పాటు వచ్చిన మెత్త తప్ప ఇంకేదీ వద్దు. వెండి మొలతాడు కట్టి ఉంటే దాని మువ్వలు బెల్టు కింద పడి ఒత్తుకుంటున్నాయేమో వేలు పెట్టి చూడండి, పక్కకు జరిపితే చాలు. భుజం పట్టీలు బిడ్డ భుజాలకు సరిసమానంగానో కొంచెం కిందగానో బయటికి రావాలి, పై నుంచి కాదు. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో చిటికెలా పట్టుకునే ప్రయత్నం చేయండి. మడత దొరికిందంటే ఇంకా వదులే. వేళ్లు జారిపోవాలి.

మీ డేట్ ప్రకారం బిడ్డ రోహిణీ కార్తెకు నెలపిల్ల. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలకే వేడి మరో పది డిగ్రీలు ఎక్కుతుంది. సీటు మీద తెల్ల దుప్పటి కప్పి ఉంచండి. బకిల్ ఇనుము కాలేలా ఉంటుంది, బిడ్డను పెట్టే ముందు మీ చేతి వెనక భాగంతో తాకి చూడండి. తలుపులు తీసి, ఏసీ వేసి, లోపల చల్లబడ్డాకే బిడ్డను ఎక్కించాలి. ఏసీ గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు. "ఒక్క నిమిషం, కొబ్బరి బోండాం తెస్తా" అని కూడా బిడ్డను కారులో ఒంటరిగా వదలొద్దు. సైకిల్ మీద గెలలు కట్టుకుని నిలబడ్డవాడు ఒక్క నిమిషంలో బోండాం కొట్టడు, మనకు తెలుసు.

పసిబిడ్డ ఏకబిగిన సీట్లో రెండు గంటలకు మించకూడదు, మొదటి వారాల్లో ఇంకా తక్కువే. పాలకొల్లు నుంచి రాజోలు వైపు ప్రయాణానికి ఇబ్బంది లేదు. మూడో నెలలో భీమవరం తీసుకెళ్లేటప్పుడు గానీ, రాజమండ్రి వెళ్లాల్సి వస్తే గానీ మధ్యలో ఆగి, బిడ్డను బయటికి తీసి, పాలిచ్చి, తేన్పు తెప్పించి మళ్లీ కట్టండి. బిడ్డ ఏడ్చిందని కదిలే కారులోనే బయటికి తీసి పాలివ్వడం చాలామంది చేసేదే, అక్కడే అసలు ప్రమాదం. బండి ఆపడానికి చోటు చూసుకోండి, కాలువ గట్టు మీద మలుపులో కాదు, ఏ పెట్రోలు బంకులోనో, గుడి దగ్గరో. గట్టు రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే కారు అంచుకు తీయాల్సి వస్తుంది గనుక మీవారికి ఆ దారి వద్దని చెప్పండి, ఎంత దగ్గరైనా సరే. మూడో నెల అంటే వానలు, గోదారి పోటు మీదుండే రోజులు కూడా.

ఎప్పుడైనా సఖినేటిపల్లి రేవులో కారుతో పంటు, అంటే బండ్లను గోదారి దాటించే పడవ, ఎక్కితే మాత్రం ఇంతవరకు చెప్పిందానికి పూర్తిగా తలకిందులు. కారు పంటు మీదికి ఎక్కే ముందే బిడ్డను సీట్లోంచి తీసి ఎత్తుకోండి, మీరంతా కారు దిగి నిలబడండి. నీళ్ల మీద బెల్టు కట్టి ఉండడం కంటే చేతుల్లో ఉండడమే మేలు. ఇక్కడ అత్తగారి మాటే నెగ్గుతుంది.

ఆటోలో ఈ సీట్లు పట్టవు, కట్టడానికి బెల్టే ఉండదు. పసిబిడ్డకు వీలైనంతవరకు కారే చూసుకోండి. బైక్ మీద ఇద్దరి మధ్యలో బిడ్డను ఇరికించుకుని వెళ్లడం మన వైపు ఇంకా తగ్గలేదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలను బైక్ మీద తీసుకెళ్తే నడిపేవాళ్లకు కట్టే హార్నెస్, బిడ్డకు హెల్మెట్, 40 కిలోమీటర్లు దాటని వేగం ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. తొమ్మిది నెలల లోపు బిడ్డకు సరిపోయే హెల్మెట్టే లేదు. బైక్ మాట ఎత్తొద్దు.

అమ్మ బాధ నాకు అర్థమైంది. పుట్టకముందు కొనకూడదన్నది ఏ శాస్త్రంలో ఉందని ఆవిడతో వాదించి మీరు గెలిచేదేమీ లేదు. దారి ఉంది. సీటు మార్చిలో కొని భీమవరంలో మీ కారులోనే బిగించి ఉంచండి. అది పుట్టింటి గుమ్మం దాటదు, ఉయ్యాలా బట్టలూ అమ్మ చెప్పినట్టే పుట్టాక కొనుక్కోండి. మీ అమ్మగారు ఆ సీటును మొదటిసారి చూసేసరికి అందులో మనవడో మనవరాలో ఉంటారు. అప్పుడు దాన్నెవరూ తప్పు పట్టరు.

స్ట్రోలర్ సంగతి ఆరో నెలలో చూడండి, అప్పటికి బిడ్డ తల నిలబెడుతుంది, ఎక్కువ మోడళ్లు పనికొస్తాయి. అంతకు ముందే కావాలంటే వీపు పూర్తిగా చదునుగా పడుకునేది మాత్రమే తీసుకోవాలి. షాపులో పాలరాతి నేల మీద ఏ స్ట్రోలరైనా వెన్నలా జారుతుంది, బయటికి తెచ్చి గులకరాళ్ల మీద తోసి చూడండి. చక్రాలు పెద్దవిగా ఉండాలి, చిన్న చక్రాలు కోనసీమ ఇసుకలో దిగబడతాయి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, మొత్తం ఐదు పట్టీలుండాలి. బ్రేకు కాలితో నొక్కగానే పడాలి, వేసి వాలులో వదిలి చూడండి. కాలువకు దిగే వాలులో అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ స్ట్రోలర్‌ను ఒక చేత్తో పట్టుకుని వదిలేసే ఇళ్లను నేను చూశాను, ఆ బ్రేకు అందుకే. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించొద్దు, బిడ్డను తీయగానే వెనక్కి పడిపోతుంది, ఒక్కోసారి బిడ్డతో సహా. మడిచేటప్పుడు బిడ్డ వేళ్లు దూరంగా ఉండాలి. ఎండ పడుతోందని మీద చీర కప్పేయకండి, లోపల గాలి ఆడక ఉడికిపోతుంది. దోమతెర వేయొచ్చు. మీ కారు డిక్కీలో పట్టేదే కొనండి, కొలత తీసుకెళ్లండి. అన్నట్టు, సీటు సెకండ్ హ్యాండ్ వద్దన్నాను గానీ స్ట్రోలర్ తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవచ్చు. బ్రేకు, మడత తాళం, పట్టీలు బాగుంటే చాలు. ఐదారు వేలు మిగులుతాయి.

మీరు అడగలేదు గానీ, ఈ నెలల్లో రాజోలుకూ పాలకొల్లుకూ చెకప్‌లకు తిరిగేటప్పుడు మీ బెల్టు కూడా ముఖ్యం. కడుపు నొక్కుకుంటుందని వదిలేయకండి. కింది పట్టీ కడుపు కింద, తొడల మీదుగా నడుం ఎముకల మీదికి రావాలి. పై పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి కడుపు పక్కగా వెళ్లాలి. ముందు కూర్చుంటే సీటు వెనక్కి జరుపుకోండి. తొమ్మిదో నెలలో వెనక సీట్లో కూర్చోవడమే హాయి.